కడిగిన గుడ్లు

కోళ్ళు పెంచుదామనుకున్నప్పుడు ఇంట్లో నేను ఎవరి సలహా అడగలేదు. అడిగే అలవాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రాయపూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు ఉండేది. ఒక మూల కుళాయి, ఇంకో మూల బొప్పాయి చెట్టు, మిగతాదంతా ఉత్త మట్టి. అంత జాగా ఊరికే పడి ఉండడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. డెబ్భైల మాట అది. పిల్లలిద్దరూ ఎదిగే వయసులో ఉన్నారు. బజారు నుంచి తెచ్చిన గుడ్లలో ఒకటో రెండో మురిగిపోయి ఉండేవి. వాటిని పారబోసినప్పుడల్లా, ఇంత పెరడు పెట్టుకొని మురిగిన గుడ్లు కొనుక్కోవాల్సిన ఖర్మేమిటని మా ఆయన ప్రాణం తీసేదాన్ని.

"కోళ్ళ గురించి నీకేటి తెల్సు?" అన్నారాయన.

"అన్నీ తెలుసు" అన్నాను.

నిజం చెప్పొద్దూ, నాకేమీ తెలియదు. ఆయనది విజయనగరం వైపు పల్లె. నేను పుట్టి పెరిగింది వాల్తేరు రైల్వే క్వార్టర్లలో. కోడిని నేను దగ్గరగా చూసింది కూరగిన్నెలోనే. కానీ తెలియదని ఒప్పుకోవడం నా ఒంటికి పడదు. ఆ రోజుల్లో అయితే మరీను.

గూడు కట్టే పని ఆయనకి అప్పజెప్పాను. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. కొలత తీయకుండా మేకు కొట్టే మనిషి కాదు. ప్యాకింగు చెక్కలు కొనుక్కొచ్చి రెండు ఆదివారాలు వంచిన నడుము ఎత్తకుండా గూడు చేశారు. కింద నుంచి ముంగిస తవ్వకుండా నాలుగు ఇటుకల మీద ఎత్తుగా నిలబెట్టారు. పైన రేకు వేసి, ఎండకాలానికి రేకు మీద తడిగోనె పరచడానికి కొక్కేలు కూడా పెట్టారు. మూలలు ఎంత బాగా కుదిరాయంటే మా క్వార్టర్ల లైనులో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. లోపం ఒక్కటే. తలుపు కోడికి సరిపోయింది గానీ నా చేతికి సరిపోలేదు. మోచేయి దాకా దూర్చినా వెనక మూల అందదు. కోడి వచ్చి మొదటి గుడ్డు పెడితే దాన్ని పప్పు గరిటెతో లాగాను. అప్పుడు గాని వెనకవైపు ఇంకో తలుపు పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు.

కోడి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ధర్సీవా వైపు నుంచి ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొని వారానికి మూడుసార్లు మా లైనుకి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది. దీదీ అని పిలిచేదాన్ని. నా గూడు చూసి నవ్వి, తన దగ్గరున్న నల్లకోడిని అధియాకి ఇస్తానంది. అంటే కోడి ఆవిడదే, మేత నాది, పిల్లలు పుడితే చెరిసగం. మా అత్తవారి వైపు దీన్నే పాలుకివ్వడం అంటారు. కూరలో తప్ప కోడిని ఎరగని నాకు తన కోడిని అప్పజెప్పిందంటే ఆవిడ గుండె ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

కోడికి ఇల్లు అలవాటయ్యేదాకా మూడు రోజులు గూట్లోనే ఉంచమనీ, నాలుగో రోజు సాయంత్రం వదిలితే మసకపడేసరికి తనే గూట్లోకి వెళ్తుందనీ దీదీ మరీ మరీ చెప్పింది. నేను రెండో రోజు పొద్దున్నే వదిలేశాను. పాపం, ఎంతసేపు అలా కూర్చుంటుందని. అది గోడెక్కి, అక్కడి నుంచి పక్కవాళ్ళ రేకుల మీదికెక్కి, అక్కడి నుంచి లైను చివరి క్వార్టరు దాకా వెళ్ళింది. నేను చీర ఎగదోపుకొని వెనకాల పరుగెత్తాను. కాలనీ అంతా గుమ్మాల్లోకొచ్చి చూశారు. చివరికి దాన్ని పట్టింది నేను కాదు, మా ఆడపడుచు. గుప్పెడు నూకలు తీసుకొని, నేల మీద గొంతుక్కూర్చుని, నోటితో మెల్లగా ఏదో చప్పుడు చేసింది. ఆ మహాతల్లి తానుగా దిగొచ్చి ఆమె చేతిలోనే తినసాగింది.

మా ఆడపడుచంటే మా ఆయన చెల్లెలు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. భర్త జ్వరంతో పోయి రెండేళ్ళయింది. అత్తవారు ఉండనివ్వలేదు, పుట్టిన ఊళ్ళో ఉంటే నలుగురి నోళ్ళలో నానాలి, అందుకని మా ఆయన వెళ్ళి మా ఇంటికి తీసుకొచ్చారు. వచ్చి ఎనిమిది నెలలు. ఇంట్లో ఆమె ఉందో లేదో తెలిసేది కాదు. అడిగితే జవాబు చెప్పేది, లేకపోతే లేదు. ఎంత నెమ్మదస్తురాలో అని నేను లైనంతా గొప్పగా చెప్పుకునేదాన్ని.

కాలనీలో ఆడవాళ్ళ కమిటీ ఒక బాల్వాడీ నడిపేది. వచ్చే పిల్లల్లో సగం మంది తెలుగువాళ్ళు, ఇంట్లో తెలుగు తప్ప హిందీ వినని పసివాళ్ళు. జూన్ నుంచి తెలుగు వచ్చిన మనిషిని ఒకరిని పెట్టుకుంటామన్నారు. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివింది, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. నేనే వెళ్ళి ఆమె పేరు ఇచ్చి వచ్చాను. ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వడం మొదటిసారి చూశాను. అయితే ఒక చిక్కు ఉంది. ఖరగ్‌పూర్‌లో మా బావగారింట్లో అయిదుగురు పిల్లలు, మా తోటికోడలికి నడుం నొప్పి. వంటకీ పిల్లలకీ ఒక మనిషి కావాలని, ఆమెను పంపించమని వాళ్ళు ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నారు. అక్కడికి వెళ్తే ఆమె బతుకంతా వాళ్ళ వంటింట్లోనే తెల్లారుతుంది. ఉండడమా వెళ్ళడమా అన్నది తేల్చాల్సింది మా అత్త. మాఘమాసంలో వచ్చి చెప్తానని కబురు పెట్టింది. తల్లి మాట మా ఆయన జవదాటే మనిషి కాదు.

ఈలోగా నల్లకోడి పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుడు మీదికొచ్చింది. గూట్లోంచి లేవదు, చెయ్యి పెడితే ఈకలు నిక్కించి పొడుస్తుంది. పెట్టిన గుడ్లన్నీ మా పిల్లలు తినేశారు. తినకపోయినా ఉపయోగం లేదు, పుంజు లేని కోడి గుడ్లు పిల్లలు కావని దీదీ చెప్పింది. ఆ ముక్క నాకు ముందే తెలుసన్నట్టు తలాడించాను. వెంటనే మా ఆయన చేత ఊరికి కార్డు రాయించాను, వచ్చేటప్పుడు మన ఇంటి కోళ్ళ గుడ్లు తెమ్మని.

మా అత్త పదమూడు గుడ్లు తెచ్చింది. బిస్కెట్ల డబ్బాలో తవుడు పోసి, అందులో కుచ్చి, డబ్బాని ఒళ్ళో పెట్టుకొని ప్యాసింజరు బండిలో విజయనగరం నుంచి రాయపూర్ దాకా కూర్చుని వచ్చింది. అరవై దాటిన మనిషి. కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. డబ్బా నా చేతికిచ్చి, ఒక్కటి కూడా చిట్లలేదే పిల్లా అని మురిసిపోయి, కాళ్ళు కడుక్కొని, రెండు ముద్దలు తిని పడుకుంది.

నేను డబ్బా తెరిచాను. తవుడు నిండా బొగ్గు నుసి. గుడ్ల మీద నల్లని వేలిముద్రలు. ఇక్కడ మా పుట్టింటి అలవాటొకటి చెప్పాలి. మాది మూడు తరాల రైల్వే కుటుంబం. రైలు మీద బతికేవాళ్ళకి రైలు మురికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకని రైలు దిగిన మనిషినైనా వస్తువునైనా నీళ్ళు తగలనిదే లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. పరుపుచుట్ట ఎండలో పడాలి, చెంబు మెట్టు మీదే తోమాలి, చిల్లర డబ్బులు కూడా మా అమ్మ కడిగేది. అలాంటి దాన్ని, నుసి పట్టిన గుడ్లని నా శుభ్రమైన గంపలో పెడతానా? ఆడపడుచు చేత బకెట్టు నీళ్ళు పట్టించాను. పసుపు కలిపి పదమూడు గుడ్లూ అందులో వేశాను. అరగంట నానబెట్టి, ఒక్కొక్కటీ తీసి కొబ్బరి పీచుతో తోమి, కొంగుతో తుడిచాను. బంగారపు రంగులో మెరిసిపోయాయి. నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను.

సాయంత్రం మా అత్త లేచి ఎలా పెట్టాలో చెప్పింది. గంపలో బూడిద పరిచి, మీద ఎండుగడ్డి వేయాలి. గుడ్లు బేసి లెక్కలో ఉండాలి. ఉరుములకి పాడవకుండా ఒక ఇనప మేకు గడ్డిలో గుచ్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, పసుపు కుంకాలతో ఉండి పిల్లల్ని కన్న చెయ్యే గుడ్లు పెట్టాలి. ఆ మాట అంటూ కూతురి వైపు చూసి, నువ్వు లోపలికెళ్ళు అంది. ఆమె వెళ్ళింది. నేను పెట్టి, గంపని వెనక తలుపులోంచి గూట్లోకి చేర్చాను. నాకది తప్పుగా తోచలేదని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ తోచలేదు. నా చెయ్యి మంచిదన్నారని లోపల పొంగిపోయాను కూడా.

కోడి చక్కగా కూర్చుంది. రోజుకొక్కసారి దిగేది, నూకలు తిని, నీళ్ళు తాగి, బూడిదలో పొర్లి, పావుగంటలో మళ్ళీ గుడ్ల మీదికి వెళ్ళేది. ఇవన్నీ నేను పుట్టించిన ఏర్పాట్లయినట్టు పక్కింటివాళ్ళకి పాఠాలు చెప్పేదాన్ని.

పదో రోజున తెలీబంధాలో మా చుట్టాలింట్లో బారసాల. అందరం వెళ్ళాం. బారసాల గనుక ఆడపడుచుని తీసుకెళ్ళలేదు. మేం అక్కడ ఉండగానే వడగళ్ళ వాన పడింది. తిరిగొచ్చేసరికి గూటి రేకు ఎగిరిపోయి పెరట్లో పడుంది, గంపేమో వంటింటి పక్క కొట్టుగదిలో, కోడి గుడ్ల మీద పొడిగా, హాయిగా ఉంది. గంప నేనే లోపల పెట్టానని ఆడపడుచు చెప్పింది. మా ఆయన మంచి పని చేశావన్నారు. మా అత్త మొహం మాడ్చుకొని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఇరవై ఒకటో రోజు ఏమీ కాలేదు. ఇరవై రెండు, ఏమీ లేదు. ఇరవై మూడో రోజు పొద్దున్న కొట్టుగదిలో టప్పుమని ఒక గుడ్డు పేలింది. ఆ కంపు ఏం చెప్పను, మూడు క్వార్టర్ల అవతల వాళ్ళు కిటికీలు వేసుకున్నారు. ఒక్కొక్కటీ కొట్టి చూశాం. పదమూడూ మురుగే.

మా అత్త గడప మీద కూర్చుంది. తర్వాత కొడుకుని పిలిచింది.

"దాని సెయ్యి తగిలింది, గుడ్లు పోనాయి. రేపు ఊరోల్ల పిల్లల మజ్జిన కూకుంటే, ఏ బిడ్డకి జొరమొచ్చినా దీన్నే అంటారు. ఖరగ్‌పూర్ అంపించీ."

కూతురు లోపల బియ్యం ఏరుతోంది. విన్నది. తల ఎత్తలేదు. మా ఆయన సరేనని గానీ కాదని గానీ అనకుండా చొక్కా వేసుకొని బయటికి పోయారు. నేను? బాల్వాడీకి పేరిచ్చి వచ్చిన దాన్ని, ఎవరినైనా ఎదిరించగలనని ఊరంతా చెప్పుకునే దాన్ని, ఆ పూట నోరు మెదపలేదు. ఎందుకంటే, గంపని ఆమె ముట్టుకోకపోతే బాగుండేదేమోనని నా మనసులోనూ ఒక క్షణం అనిపించింది. అంత పాడు ఆలోచన నాకు వచ్చిందని ఎవరికీ ఇంతవరకూ చెప్పలేదు.

మర్నాడు దీదీ తన వాటా పిల్లల్ని చూసుకుందామని వచ్చింది. పెరట్లో పారేసిన పెంకుల్లోంచి ఒకటి తీసి ఎండకి పట్టి చూసింది. పెంకు పచ్చగా ఉంది. వాసన చూసింది. కడిగావా అని అడిగింది. అవును, శుభ్రంగా కడిగానన్నాను, ఇంకా గర్వంగానే. ఆవిడ పెంకు కింద పడేసి నెత్తి కొట్టుకుంది.

"ధోయే అండా నై ఫూటయ్ బాయీ."

కడిగిన గుడ్డు పిల్ల కాదమ్మా అని. గుడ్డు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుందట, అదే లోపలున్న ప్రాణానికి కాపలా అట. నీళ్ళలో నానబెట్టి రుద్దితే అది పోయి, మురికంతా లోపలికే వెళ్తుందట. మా పల్లెలో చిన్నపిల్లలక్కూడా తెలుసు ఈ సంగతి అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటికప్పుడే లోపలికెళ్ళి చెప్పేశాననుకుంటున్నారేమో. చెప్పలేదు. రెండు రోజులు నోరు కట్టేసుకుని తిరిగాను. అత్త ముందు తలవంచడం ఒక ఎత్తు, అన్నీ తెలుసని పక్కింటివాళ్ళకి చెప్పిన పాఠాలు ఇంకో ఎత్తు. ఎలాగోలా ఆయనకి నచ్చజెప్పి ప్రయాణం ఆపిస్తే గుడ్ల సంగతి బయటికి రాకుండానే పోతుంది కదా అని దారులు వెతికాను. అన్నం సహించలేదు. పిల్లల్ని ఊరికే కసురుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఆడపడుచు మంచం కింద నుంచి తన రేకు పెట్టె లాగి, దుమ్ము తుడిచి, రెండు చీరలు మడతపెట్టింది. నన్ను చూసి, వదినా, బాల్వాడీ వాళ్ళకి నువ్వే ఒక మాట చెప్పేయ్, వాళ్ళు నా కోసం చూస్తారు అంది. అంతే. ఒక నిష్ఠూరం లేదు. అదే నన్ను చంపేసింది.

నేరుగా మా అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి సైకిలు నిలబెడుతున్నారు.

"అత్తా, ఆ గుడ్లని పాడుచేసింది నేను. పసుపు నీళ్ళలో నానబెట్టి పీచుతో తోమాను. ఆమె చెయ్యి కాదు, నా చెయ్యి."

మా అత్త చేతిలో చింతపండు ఆగిపోయింది. ముందు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు నన్ను తిట్టడం మొదలుపెట్టింది. గుడ్డుని కడిగే ఆడదాన్ని నా జన్మలో చూడలేదనీ, చదువుకున్న పట్నంపిల్లని చేసుకున్నందుకు తగిన శాస్తి జరిగిందనీ, తన ఒళ్ళో పెట్టుకు తెచ్చిన గుడ్లని పీనుగుకి స్నానం చేయించినట్టు చేయించానని. నిలబడి అన్నీ పడ్డాను. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? తిట్టి తిట్టి అలిసిపోయి, గుమ్మంలోకొచ్చి నిలబడ్డ కూతురి మీదికి తిరిగింది. కోళ్ళ మధ్య పుట్టి పెరిగిన దానివి, ఇది నీళ్ళలో ముంచుతుంటే నీ కళ్ళేం చేస్తున్నాయి, ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు లేదా అంది.

ఆడపడుచు గొంతు పెంచకుండానే చెప్పింది.

"నాకు ఆ రోజే తెల్సు అమ్మా. బకెట్టు పట్టింది నానే కదా. ఈ గుడ్లు పోతాయని నాను అంటే, పోయాక ఏటనీదానివి? నా నోటి మాటే తగిలిందనీదానివి కాదేటి?"

మా ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకొని అలాగే నిలబడిపోయారు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏడవడం ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ చూడలేదు కాబట్టి పిల్లలు బెదిరిపోయారు. ఇన్ని నెలలుగా నేను నెమ్మది, నెమ్మది అని మెచ్చుకున్నది ఏమిటో నాకప్పుడు అర్థమైంది. ఆ మనిషి నోరు తెరిచే ముందు ప్రతి మాటనీ తూకం వేసుకుంటోంది, ఏది తన మీదికొచ్చి పడుతుందోనని. వర్షం వస్తుందేమో అనదు. పిల్లవాడికి ఒళ్ళు వెచ్చగా ఉంది అనదు. పాలు విరిగేలా ఉన్నాయి అనదు. మా ఇంట్లో నేను మోగించిన మోతకి ఆమె మౌనం వినపడలేదు.

మా అత్త చింతపండు చేట పక్కన పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర కూర్చుంది. దీపాలు పెట్టేదాకా రాలేదు. ఖరగ్‌పూర్ మాట ఎత్తలేదు, అలాగని మానుకున్నాననీ అనలేదు.

నల్లకోడి ఖాళీ గంప మీద ఇంకా పట్టు వదలకుండా కూర్చునే ఉంది. పాపం, బక్కచిక్కిపోయింది. మళ్ళీ గుడ్లు పెడితే ఇంకో మూడు వారాలు కూర్చుంటుందా అని దీదీని అడిగితే, మేత బాగా వేస్తే కూర్చుంటుందని తన ఇంటి కోళ్ళ గుడ్లు పదకొండు తెచ్చిచ్చింది. వాటిని నేను చేత్తో కూడా ముట్టుకోలేదు. దాంతో ఊరుకున్నానా? నా గుణం ఎక్కడికి పోతుంది. గంప తెచ్చి వరండాలో అందరి ముందూ పెట్టి, ఈసారి గుడ్లు ఆడపడుచే పెడుతుంది, పిల్లలైతే జూన్‌లో బాల్వాడీకి వెళ్తుంది, కాకపోతే నేనే స్వయంగా రైలెక్కించి ఖరగ్‌పూర్‌లో దింపొస్తాను అని అత్త ముందు శపథం చేశాను. ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆడపడుచు నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"గుడ్ల మీద పందెం కాయకు వదినా. వాటికీ నా ఉద్యోగానికీ ఏటి సంబంధం?"

అని, గంప ముందు కూర్చుని, ఒక్కొక్క గుడ్డూ తీసి గడ్డిలో పెట్టింది. బూడిద చాల్లేదని ఇంకొంచెం వేసుకుంది. మా అత్త దూరంగా మంచం మీద కూర్చుని ఉంది. లోపలికెళ్ళమనలేదు.

ఆ మూడు వారాలూ కోడి బాధ్యత పూర్తిగా ఆమెదే. ఎండలు ముదురుతున్నాయని గంపని కొట్టుగదిలోనే ఉంచి, కిటికీకి తడిగోనె కట్టింది. కోడి దిగినప్పుడు నానబెట్టిన నూకలూ, తరిగిన ఆకుకూర కాడలూ వేసేది. ఏడో రోజున కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక్కో గుడ్డునీ ఎండకి పట్టి చూసి, రెండు తీసి పక్కన పెట్టింది. ఎందుకు తీశావంటే, ఇవి వేరే వదినా అంది. పాడైనవి అనలేదు, ఖాళీవి అనలేదు. అంత జరిగాక కూడా ఆ మాట ఆమె నోట రాలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది, ఈ ఇంట్లో ఈమె నోరు ఇక ఎప్పటికీ తెరుచుకోదేమోనని. గుడ్లు పిల్లలు కాకపోతే ఏమవుతుందో నేను ఊహించుకోలేకపోయాను. నా జన్మలో నేను నా తెలివి మీద నమ్మకం లేకుండా గడిపిన మూడు వారాలు అవే.

ఆ తర్వాతి సంగతులు చెప్పేస్తాను. పుట్టిన పిల్లల్ని దీదీతో పంచుకున్నాం. నా వాటా పిల్లలు పెరిగి, వాటి పిల్లలు పెరిగి, మా పెరట్లో పన్నెండేళ్ళు కోళ్ళు తిరిగాయి. ఒక ఏడు కొక్కెర తెగులొచ్చి గూడంతా ఊడ్చుకుపోయింది, మళ్ళీ మొదలుపెట్టాను. లైనులో నలుగురికి కోళ్ళు పెంచడం నేర్పాను, గుడ్డు కడగొద్దని ముందుగా చెప్పి మరీ. ఆడపడుచు ఆ జూన్‌లో బాల్వాడీకి వెళ్ళింది. ఉర్లా ఫ్యాక్టరీల నుంచి మా కాలనీ వైపుకి మారిన తెలుగువాళ్ళ పిల్లలు కూడా తర్వాత్తర్వాత ఆమె దగ్గరే అక్షరాలు దిద్దుకున్నారు. కానీ ఇవేవీ కాదు నేను చెప్పదలుచుకున్నది. ఆ ఇరవై ఒకటో రోజు పొద్దున్న జరిగింది.

తెల్లవారేసరికి గంపలోంచి కీచుకీచుమని వినపడింది. అందరం కొట్టుగదిలోకి పరుగెత్తాం. మా అత్త గోడ పట్టుకొని నెమ్మదిగా వచ్చి గుమ్మంలో కూర్చుంది. కోడి రెక్కల కింద నుంచి నాలుగు తలలు బయటికి చూస్తున్నాయి. అయిదో గుడ్డుకి చిల్లు పడింది, లోపలి ముక్కు కనిపిస్తోంది. మేం చూస్తుండగానే చాలాసేపు అయింది, పిల్ల బయటికి రాదు. కాస్త కొట్టుకుంటుంది, ఆగిపోతుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నాకు ఓపిక ఎక్కడిది? ఊపిరాడక పోతుందేమోనని గుడ్డు చేతిలోకి తీసుకొని, గోరుతో పెంకు ఒలవడం మొదలుపెట్టాను. ఒక ముక్క ఊడింది.

"వద్దు వదినా" అంది ఆడపడుచు. "ఒలిస్తే రగతమొచ్చి చచ్చిపోద్ది."

పొద్దున్నే, పిల్లలు పుడుతున్న చోట, తల్లి ఎదురుగా ఆమె ఆ మాట అనేసింది. అన్నాక తనకే తెలిసింది. మొహం పాలిపోయింది, చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. నేను గుడ్డు పట్టుకొని మా అత్త వైపు చూశాను. అందరం చూశాం.

మా అత్త కూతుర్ని చూడలేదు. ఆ పొరలు కమ్మిన కళ్ళతో నా చేతులున్న వైపే చూసింది.

"ఇనబడనేదేటే? అది సెప్తంది కదా, సెయ్యి తియ్యి."

గుడ్డు కోడి కింద పెట్టేసి చెయ్యి తీశాను.